అద్దం లోపలి బొట్టు

దయ్యాలంటే నాకు నవ్వు. లేబర్ క్యాంపులో ఎవడైనా అలాంటి కథ మొదలుపెడితే దుప్పటి ముసుగేసుకుని పడుకునే రకాన్ని. ఇది కూడా నాకు జరగకపోయుంటే నమ్మేవాణ్ణి కాదు.

ఖతార్‌లో వరల్డ్ కప్ స్టేడియాలు లేస్తున్న రోజులవి. నేను దోహాలో ఎగ్జిబిషన్ హాళ్ళలో ఫ్రేములు తగిలించే పని చేసేవాణ్ణి. ఆ ఏడు అమెరికా పాత ఫొటోలు వచ్చాయి. పోయిన శతాబ్దపువి, అన్నీ నలుపు తెలుపు. రొట్టె కోసం లైన్లో నిలబడ్డవాళ్ళు, సమ్మె చేస్తున్న ఆడవాళ్ళు, సొరంగం తవ్విన కూలీలు. బతికున్నప్పుడు ఎవరూ పట్టించుకోని ఆ మనుషులకు ఇప్పుడు ఏసీ, ప్రత్యేకంగా లైట్లు.

పనికి మనుషులు చాలక స్టేడియం సైట్ నుంచి కొందరిని తెచ్చారు. వాళ్ళలో మా అక్క మొగుడు లింగం బావ ఉన్నాడు. ఏళ్ళ తరబడి ఇంటికి పోలేదు. సెలవు అడిగినప్పుడల్లా స్టేడియం అయ్యాక చూద్దామనేవారు.

ఆ పనిలో ఉండగానే దసరా వచ్చింది. ఆ రోజు పనిముట్లకు బొట్టు పెట్టడం మా వైపు ఆనవాయితీ. బావ పొట్లంలో కుంకుమ తెచ్చి డ్రిల్ మిషన్‌కు, నిచ్చెనకు పెట్టాడు. అంతటితో ఊరుకున్నాడా? సొరంగం కూలీల ఫొటో దగ్గరికి పోయాడు. మధ్యలో, దుమ్ము కొట్టుకుపోయి నిలబడ్డ మనిషి నుదుటి మీద, అద్దం పైన, ఒక బొట్టు పెట్టాడు. కింద 'గుర్తు తెలియని కార్మికులు' అని ఉందని అంతకుముందే నేను చదివి చెప్పాను.

"పేరు గూడ రాయలే. ఇంట్ల ఫొటో వెట్టి బొట్టు వెట్టినోళ్ళు ఉన్నరో లేరో, పాపం," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. సూపర్‌వైజర్ చూస్తే ఇద్దరినీ ఇంటికి పంపిస్తాడని తిట్టి, నా చేత్తో నేనే తుడిచాను. అద్దం శుభ్రంగా అయిపోయింది.

పని అయ్యాక బావ సైట్‌కు వెళ్ళిపోయాడు. కొన్ని వారాలకే, డ్యూటీ నుంచి వచ్చి బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో అన్నం తిని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఎవరు చచ్చినా ఆగేది గుండే కదా!

శవపెట్టె ఊరికి చేరాక మొహం చూడొద్దని పెద్దలు అక్కను పట్టుకున్నారు. గోడకు పెట్టడానికి ఫొటో లేదు. బావకు ఫొటో అంటే సిగ్గు, అక్కది బటన్ ఫోన్. పెళ్ళి ఫొటో పెద్దది చేయిద్దామని నేను దోహా నుంచి ఫోన్ చేస్తే అక్క ఒకటే ఏడుపు.

"గిది పెండ్లినాటి పిలగాడు తమ్మీ. దుబాయ్‌ల కష్టపడ్డ మనిషి మొఖం నాకేది?"

గల్ఫ్‌లో ఎక్కడున్నా మా ఊళ్ళో దుబాయే అంటారు. అన్ని రోజులు పక్కనే పనిచేసి నేనూ ఒక్క ఫొటో తీయలేదు.

ఎగ్జిబిషన్ ముగిసి ఫ్రేములు దించుతున్నాం. సొరంగం ఫొటోలో ఆ మనిషి నుదుటి మీద ఎర్రగా బొట్టు. గుడ్డతో తుడిచాను, పోలేదు. గోటితో గీకాను. అద్దం నున్నగానే ఉంది. బొట్టు లోపల, ఫొటో మీద ఉంది. ఫ్రేమ్ తిప్పి చూస్తే అమెరికాలో వేసిన సీలు ఎక్కడా చిరగలేదు. నాతో ఉన్న నేపాలీ కూడా చూశాడు. ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుని, నోరు మూసుకుని ప్యాక్ చేశాం.

సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ వింత చెబుదామని ఫోన్‌లో ఆ ఫొటో చూపించబోయాను. నేను నోరు తెరవకముందే అక్క ఫోన్ లాక్కుంది.

"గిది ఎప్పుడు దిగిండు? ఎంత బక్కగైండు తమ్మీ!"

అది అమెరికా వాడి ఫొటో అని, ఎప్పుడో చనిపోయినవాడని ఎంత చెప్పినా వినలేదు. అమ్మ కూడా చూసి లింగమే అంది. నాకు మాత్రం ఎంత చూసినా ఎవరో తెల్ల మనిషే.

ఇప్పుడు మా అక్క ఇంట్లో దండ వేసి ఉన్నది ఆ ఫొటోకే. అక్క రోజూ దీపం పెడుతుంది, బొట్టు మాత్రం పెట్టదు. పెట్టే ఉంది గదా అంటుంది.

ఆ బొట్టు అద్దం లోపలికి ఎలా పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. రాయిలాంటి మనిషి అన్నం తిని పడుకుని ఎలా పోయాడో కూడా తెలియదు. రెండోదానికి మాత్రం సహజ మరణం అని కాగితం ఇచ్చారు.