ఆరు ఖాళీ పేజీలు

సిరిసిల్లలోని మా డీటీపీ షాపుకు తంగళ్ళపల్లి నుంచి వచ్చేవాడాయన. మరమగ్గాల కార్మికుడు. మాట మొదలుపెట్టే ముందు తల వెనకున్న సొట్టను వేలితో ఒకసారి తడుముకునేవాడు. తన బతుకు కథను సొంతంగా ఈ-బుక్ వేసుకోవాలని, తనే టైపు చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. నేను ఫార్మాటింగ్ చేసి ఫోన్‌లో చూపించాను.

చదువుతూ చదువుతూ లేచి నా కాలర్ పట్టుకున్నాడు. తోటి కార్మికుడి చెయ్యి మగ్గంలో నలిగిన సంగతి పోలీసులకు చెప్పాడని మగ్గాల సేటు మనుషులు ఈయన్ని కొట్టిన ఘట్టమది. "ఇనుప రాడ్డు నా తలమీద పడ్డది" అన్న వాక్యం కిందనే "దవాఖానల కండ్లు తెరిచిన" అని ఉంది. ఆ రెండింటి మధ్య ఉన్న ఆరు ఖాళీ పేజీలు పొరపాటున వచ్చాయనుకుని నేనే తీసేశాను.

"నాకు సోయి లేని ఆరు దినాలవి. ఎవన్ని అడిగి తీసేసినవ్?"

నా వేలు గుంజి ఆ సొట్టలో అదిమాడు. అక్కడ ఎముక లేదు, మెత్తగా ఉంది.

"గిది గూడ సాపు జెయ్యి మరి!"

ఆరు పేజీలూ మళ్లీ పెట్టాను. ఆయన కాస్త చల్లబడ్డాక అడిగాను. "అన్నా, చదివేటోళ్లు పేజీలు పోయినయనుకుంటరు. గా ఆరు దినాల ముచ్చట గూడ రాయరాదే?"

చెయ్యి మళ్లీ తల వెనక్కి పోయింది.

"సచ్చిండనుకోని నన్ను ఏడ పారేసిండ్రో నాకేం ఎరుక? కొట్టినోళ్లను రాయమను."