ధర్మవరం ఐసీయూ స్విచ్‌ను కలపలేదు

నేను రిటైర్ కావడానికి ముందు ఏడాది, వేసవిలో, ఒక ప్రైవేటు ఆసుపత్రి మూడు శాఖల నెట్‌వర్క్‌ను ఒకే కంట్రోలర్ కిందికి తెచ్చే పని నాకు అప్పగించారు. నేను హిందూపురం ప్రధాన శాఖలో సీనియర్ నెట్‌వర్క్ ఇంజనీరును. మిగతా రెండు శాఖలు పెనుకొండ, ధర్మవరం. అప్పటిదాకా, కంప్యూటర్లనూ యంత్రాలనూ నెట్‌వర్క్‌కు కలిపే పెట్టెల్లో, అంటే స్విచ్‌లలో, ఏ ఒక్కదానిలో సెట్టింగు మార్చాలన్నా ఆ ఒక్కదానిలోకే వెళ్లి మార్చేవాళ్లం. కంట్రోలర్ వస్తే హిందూపురంలో కూర్చునే అన్నిటికీ ఒకేసారి ఆజ్ఞలు పంపవచ్చు. తప్పుడు ఆజ్ఞలు కూడా ఒకేసారి పంపవచ్చన్న సంగతి కంపెనీ బ్రోచరులో రాయలేదు.

ప్రాజెక్టు అధిపతిగా బెంగళూరు హెడ్డాఫీసు నుంచి రఘునందన్ గారు వచ్చారు. స్విచ్‌లను ఆయన స్లైడ్లలో చాలాసార్లు చూశారు.

పద్ధతి ఇదీ. ముందు స్విచ్‌కు కంట్రోలర్ చిరునామా చెప్పాలి. రెండింటి గడియారాలూ కలవాలి, లేకపోతే ఒకదాన్ని మరొకటి నమ్మదు. నమ్మకం కుదిరాక కంట్రోలర్ తన టెంప్లేటును, అంటే నమూనా సెట్టింగులను, స్విచ్‌లోకి పంపుతుంది. పాతవి చెరిగిపోతాయి. వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్లు కరెంటుకూ నెట్‌వర్క్‌కూ స్విచ్ మీదే ఆధారపడతాయి కాబట్టి అవి ఆ తర్వాత చేరతాయి.

ధర్మవరంలో హిందూపురంతో కలిపే బయటి లైను వేరే కంపెనీది, దాని సెట్టింగూ వేరు. ఆ శాఖకు విడిగా టెంప్లేటు కావాలని చెప్పాను. "మినహాయింపులు పెడితే అది ఏకరూపత ఎలా అవుతుంది మేడం?" అన్నారు రఘునందన్ గారు. ముందుగా ఒక స్విచ్ మీద పరీక్షిద్దామన్నాను. ఆసుపత్రి ఛైర్మన్ గారు ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టించారు కాబట్టి పరీక్షకు సమయం లేదన్నారాయన.

ధర్మవరం ఐసీయూ ఇన్‌ఛార్జి సిస్టర్ సుగుణమ్మ మాత్రం నన్ను పక్కకు పిలిచింది. రోగుల గుండె లయ వైఫై ద్వారా నర్సుల బల్ల మీది తెరకు వస్తుంది. "మంచాలు ఎక్కువ, మేం తక్కువ మేడం. ఆ తెరను నమ్ముకునే తిరుగుతాండాం. అది ఆగిపోతే ఎవరు జవాబు చెప్తారు?" అంది.

ఐసీయూ స్విచ్, దాని యాక్సెస్ పాయింట్లు, ఆ తెర బయటి లైను లేకున్నా తమలో తాము పనిచేసుకోగలవు. అందుకే ఆ స్విచ్‌ను ఇప్పుడే కలపనని మీటింగులో చెప్పేశాను. రఘునందన్ గారు దాన్ని పాతకాలపు భయం అన్నారు. ఛైర్మన్ గారికి సంజాయిషీ నేనే ఇచ్చుకోవాలన్నారు. సరేనన్నాను.

ముహూర్తానికి హిందూపురంలో కొబ్బరికాయ కొట్టారు. పెనుకొండ స్విచ్‌లు తెర మీద పచ్చగా వెలిగాయి, చప్పట్లు మోగాయి. తర్వాత ధర్మవరం. అవీ పచ్చబడ్డాయి, కాసేపటికి ఒక్కొక్కటే బూడిద రంగుకు తిరిగాయి. ఇదేం రంగని ఛైర్మన్ గారు అడిగారు. "సింక్ అవుతున్నాయి సార్" అన్నారు రఘునందన్ గారు.

అయింది ఏమిటంటే, టెంప్లేటు అక్కడి బయటి లైను సెట్టింగును చెరిపేసింది. తన దగ్గరికి వచ్చే దారిని కంట్రోలరే మూసేసుకుంది. ఇక ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి, స్విచ్‌కు నేరుగా కన్సోల్ కేబుల్ తగిలించి సరిచేయాలి. కేబుల్ తీసుకుని కారెక్కాను. పెనుకొండ దాటేలోపే రఘునందన్ గారి ఫోను: కంట్రోలర్ నుంచే ఒకసారి రీస్టార్ట్ పంపి చూడకూడదా?

ధర్మవరం ఓపీ హాలు జనంతో నిండిపోయి ఉంది. బిల్లింగు కౌంటరు దగ్గర ఒక పెద్దాయన గుమస్తాను నిలదీస్తున్నాడు: "ఏమప్పా, డాక్టరుండాడు, మందులుండాయి, నాకు రోగముండాది. ఇంకేం తక్కువైందని ఆపినారు?"

ప్రధాన స్విచ్‌ను సరిచేశాను. అది మళ్లీ ప్రాణం పోసుకోగానే కంట్రోలర్ గుర్తుపట్టి, అదే టెంప్లేటును మళ్లీ పంపి, మళ్లీ పడగొట్టింది. విధేయతలో ఏ లోపమూ లేదు. ముందు టెంప్లేటు మార్చండని రఘునందన్ గారికి ఫోన్ చేశాను. హెడ్డాఫీసు ఆమోదించిన టెంప్లేటును ఎలా మారుస్తామని ఆయన వాదన మొదలుపెట్టారు.

అప్పుడే పక్కన ఐసీయూలో, నర్సుల బల్ల మీది తెర నుంచి అలారం మోగింది. కనగానపల్లి నుంచి గుండెనొప్పితో వచ్చిన ఒక రైతుకు గుండె లయ తప్పింది. సుగుణమ్మ, డ్యూటీ డాక్టరు పరుగెత్తారు. షాక్ ఇస్తున్న చప్పుడు తలుపు బయటికి వినిపించింది. ఆయన భార్య నా చేయి గట్టిగా పట్టుకుంది. "ఏమైందమ్మా? ఉండాడా?" అంది.

ఫోనులో రఘునందన్ గారు ఆ అలారం చప్పుడేమిటని అడిగారు.

"మనం కలపని స్విచ్ సార్" అన్నాను.

ఆయన ఆ వాదన అక్కడే వదిలేశారు. తర్వాత, టెంప్లేటులో ఏ లైను మార్చాలో చెప్పమన్నారు.

సుగుణమ్మ బయటికొచ్చి ఆ రైతు భార్య భుజం మీద చేయి వేసింది. "ఉండాడక్కా. కూర్చో, నీళ్లు తాగు." సాయంత్రంలోగా మిగతా స్విచ్‌లన్నీ పచ్చబడ్డాయి. కీలక విభాగాలను ముందుచూపుతో దశలవారీగా చేర్చినందుకు రఘునందన్ గారికి తర్వాతి సమావేశంలో శాలువా కప్పారు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఐసీయూ స్విచ్‌ను నేను రిటైరయ్యే ముందు, ప్రతి మంచం పక్కనా ఒక నర్సును నిలబెట్టుకుని కలిపాం. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే: కంట్రోలర్‌కు ఏ స్విచ్‌నైనా అప్పగించే ముందు, కంట్రోలర్ లేకుండా ఆ స్విచ్‌ను చేరే దారి ఒకటి ఉంచుకోవాలి. మనుషుల ప్రాణాలు ఆధారపడిన స్విచ్‌ను అన్నిటికన్నా చివర కలపాలి.