మేష్టారి గోడకి సున్నం వెయ్యండి

మీరు ఆయన బొమ్మ పెట్టి, బడి గోడ మీద ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు వేసిన బొమ్మల్ని కప్పేశారు. ఎవరో కాదు, మన ఊరివాళ్ళు, మీరే. ఫ్లెక్సీ అడుగున వరసగా మీ ఫొటోలు వేయించుకుని, పైన ఆయన్ని నవ్వించి, "ఘన నివాళి" అని రాయించుకున్న మీరే. ఆయన నవ్వేది అలా కాదు. అది ఆధార్ కార్డు ఫొటోకి ఎవరో అతికించిన నవ్వు.

మా ఊరి డ్రాయింగు మేష్టారు పోయేరు. బళ్ళకి వేసవి సెలవులిచ్చిన వారంలో, మధ్యాహ్నం మామిడికాయ పప్పుతో అన్నం తిని, వీధరుగు మీద నడుం వాల్చి మరి లేవలేదు. నేను అమలాపురంలో ప్రెస్సు దగ్గరున్నాను. ఆయన భార్య, నేను అక్కగారూ అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసేరు.

"తమ్ముడూ, మేష్టారు లేవట్లేదయ్యా. నువ్వొచ్చి ఏదో ఒక వాదన పెట్టుకో, లేస్తారేమో."

వచ్చేను. వాదన పెట్టుకోవడానికి అవతల మనిషి లేరు. పెరట్లో డ్రమ్ములో సున్నం మాత్రం నానుతోంది. ఏటా సెలవుల్లో బడి గోడకి ఆయనే వేసే సున్నం. దాన్ని చూసి నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియలేదు.

తెలియనివాళ్ళకి చెప్పాలి. ఆయన ముమ్మిడివరం వైపు హైస్కూల్లో డ్రాయింగు మేష్టారుగా చేసి రిటైరయ్యేరు. ఆ తర్వాత ప్రతి శనివారం మధ్యాహ్నం మా ఊరి ప్రాథమిక పాఠశాలకి వచ్చేవారు. ఎవరూ రమ్మనలేదు. చిన్న బళ్ళలో బొమ్మలు నేర్పడానికంటూ ఒక మనిషి ఉండడు. పిల్లలకి రంగు కావాల్సిన వయసులో మేష్టారు ఉండరు, మార్కులు కావాల్సిన వయసుకి వస్తారు. ఈ సంగతి ఇదే పత్రికలో ఎన్నిసార్లు రాశానో. మీరు బావుందన్నారు, పేజీ తిప్పేరు.

ఆయన బోర్డు మీద బొమ్మ వేసేవారు కాదు. "నేనేస్తే అందరూ నాదే వేస్తారండీ" అనేవారు. కొబ్బరి మట్ట ముక్క కొసని రాయితో నలగ్గొట్టి కుంచె చేయించేవారు. ఇటుక పొడి, పసుపు, చిప్పల బొగ్గు, బచ్చలి పళ్ళ రసం, ఇవీ రంగులు. పిల్లలు చొక్కాలు పాడుచేసుకుంటున్నారని మీరు హెడ్ మేడంగారి మీదకి వెళ్ళేరు కూడా. ఒకటో తరగతి పిల్లల్ని సైతం ఆయన "ఏవండీ" అనే పిలిచేవారు. బహుమతులిచ్చేవారు కాదు. "మొదటి బహుమతి ఒకళ్ళకి ఇచ్చేస్తే మిగతావాళ్ళు మరి బొమ్మ వెయ్యరండీ" అనేవారు. ఇది తప్పని నేను వాదించేను. పేదింటి పిల్లకి ఒక కప్పు దక్కితే ఇంట్లో ఆ పిల్ల మాట చెల్లుతుంది కదా అన్నాను. "అదీ నిజమేనండీ" అన్నారు. అని, ఆ ఏడూ ఇవ్వలేదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. ఒప్పుకునేవారు, మారేవారు కాదు.

నేను మొదటిసారి ఆయన క్లాసు చూడ్డానికి వెళ్ళినప్పుడు పిల్లలందరూ ఒకే బొమ్మ వేసి ఉన్నారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కొండల్లోంచి జారే ఏరు, పక్కన ఇల్లు. మేష్టారు ఆ బొమ్మలన్నీ చూసి మెల్లిగా అడిగేరు.

"ఏవండీ, మన ఊళ్ళో కొండెక్కడుందండీ?"

పిల్లలు కిటికీలోంచి చూసేరు. కొబ్బరిచెట్లు, వాటి వెనక రొయ్యల చెరువులు, ఆ వెనక ఇంకా కొబ్బరిచెట్లు. ఈ సీమంతా చాపలా పరుచుకున్న నేల. మట్టిలారీ దింపిన గుట్ట తప్ప మన పిల్లలకి ఎత్తు తెలీదు.

"లేదు గానీ మేష్టారండీ, డ్రాయింగంటే అదేనండీ" అన్నాడొకడు.

ఆయన పడీపడీ నవ్వేరు. అందర్నీ గట్టు మీదకి తీసుకెళ్ళి సూర్యుడు ఎక్కణ్ణించి వస్తాడో చూపించమన్నారు. తర్వాతి శనివారం పిల్లల బొమ్మల్లో సూర్యుడు రొయ్యల చెరువులో గాలి కొట్టే ఏరియేటర్ చక్రాల మధ్యనించి నీళ్ళు చిమ్ముకుంటూ లేచేడు. నేను ఆ రాత్రే వ్యాసం రాసేను. అద్దెకి తెచ్చుకున్న కొండలు అన్నాను, పిల్లల కళ్ళని ఎవరు ఆక్రమించుకున్నారని అడిగేను. ఉత్తరాలు బాగా వచ్చాయి. మేష్టారు చదివి, "బావుందండీ పత్రికగారూ. కొండల మీద అంత కోపం ఎందుకండీ, పాపం" అన్నారు. నాకు ఆయన పెట్టిన పేరు అది, పత్రికగారూ.

తర్వాత ఒక పిల్ల మళ్ళీ కొండలు వేసింది. బడి గోడ మీద, కుళాయి పక్కన. అప్పుడు మూడో తరగతి. సూర్యుడు లేడు, ఏరు లేదు, ఒక్క చెట్టు లేదు. ఉత్త ఇటుక పొడి రంగు కొండలు, వాటి కింద తెల్లటి డబ్బాల్లాంటి ఇళ్ళు. మేష్టారు పక్కన గొంతుకూర్చున్నారు.

"ఇదెక్కడండీ?"

"మస్కట్టండీ. మా అమ్మ పనిచేసే ఇల్లండీ. ఫోన్లో కిటికీలోంచి చూపించిందండీ."

"చెట్లు లేవాండీ?"

"లేవండీ. నేనూ అడిగేనండీ."

ఆయన లేచి వెళ్ళి ఇంకాస్త ఇటుక పొడి నూరి తెచ్చిచ్చేరు. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, టీ కూడా ముట్టకుండా, "మీ వ్యాసం వెనక్కి తీసుకోండి పత్రికగారూ" అన్నారు.

"ఒక్క పిల్ల కోసం సిద్ధాంతం మార్చుకుంటామా మేష్టారూ?"

"మరి ఎంతమంది కోసం మారుస్తారండీ?"

నేను ఊరుకోలేదు. ఆ తల్లి ఇక్కడ పని దొరక్క, పిల్లని అమ్మమ్మ దగ్గర వదిలి, పరాయి ఇంట్లో గిన్నెలు తోముతోంది. ఎందుకు వెళ్ళాల్సొచ్చిందో ఆ పిల్లచేత అడిగించాలి గానీ ఇటుక పొడి అందిస్తే ఏమొస్తుంది అన్నాను. గట్టిగానే అన్నాను.

"అడిగించకండి. తనే అడిగితే ఆపకండి" అన్నారాయన.

ఇది పిరికితనమా? నేను ఇన్నేళ్ళూ సభల్లో మైకు పట్టుకుని చెయ్యలేనిది ఏదైనా అందులో ఉందా? ఆరోజు మొదటిదే అనుకున్నాను. ఇప్పుడు ఏదీ అనుకోలేకపోతున్నాను.

గోడ సంగతీ అంతే. ఏడాది పొడుగునా పిల్లలు నింపిన ఆ గోడకి ఆయన సెలవుల్లో సున్నం కొట్టేసేవారు. మొదటి ఏడు నేను అడ్డంపడ్డాను. పిల్లల చరిత్రని చెరిపెయ్యడానికి మీరెవరన్నాను. "కొత్తగా ఒకటిలో చేరినోళ్ళు ఎక్కడేస్తారండీ మరి?" అన్నారు, కుంచె ఆపకుండా. నా పంచె మీద చుక్కలు పడ్డాయి. అవి పోలేదు.

ఈ ఏడు సున్నం వేసే లోపే ఆయన పోయేరు. బళ్ళు తెరిచేరు. మీరు మీటింగు పెట్టేరు. సగంమంది వార్నిష్ కొట్టించి బొమ్మల్ని ఆయన జ్ఞాపకంగా ఉంచుదామన్నారు. సగంమంది పెయింటర్ని పిలిచి ఎ ఫర్ యాపిల్ వేయిద్దామన్నారు. తేలేదాకా ఉండనీ అని ఆ గోడకి అడ్డంగా ఫ్లెక్సీ కట్టేరు. "మీరేమంటారండీ?" అని హెడ్ మేడంగారు నన్నడిగేరు. ప్రతిదాని మీదా అభిప్రాయం ఉన్న మనిషిని, నోరు తెరవలేకపోయేను. ఉంచమంటే ఆయన చెయ్యి పట్టుకుని ఆపినట్టు. చెరపమంటే ఆ పిల్లకి ఉన్న మస్కట్టుని నా చేత్తో తుడిచినట్టు.

మొన్న బడి వదిలేక అటు వెళ్ళేను. మస్కట్టు కొండలేసిన ఆ పిల్ల ఇప్పుడు నాలుగో తరగతి. ఫ్లెక్సీ అడుగు తాడు విప్పి, కింది చివర పైకెత్తి, లోపలికి తలపెట్టి చూస్తోంది. 

"ఏం చేస్తున్నావమ్మా?"

"కొండ ఉందో లేదో చూస్తున్నానండీ. సున్నం ఎప్పుడేస్తారండీ మావయ్యగారూ?"

"వెయ్యకుండా వార్నిష్ కొట్టించేద్దాం. నీ బొమ్మ ఎప్పటికీ పోదు, సరేనా?"

ఆ పిల్ల నావైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. టీ ముట్టకుండా మా ఇంట్లో నిలబడ్డ మేష్టారిదే.

"అమ్మ ఇల్లు మారిందండీ. ఇప్పుడు కిటికీలోంచి కొండ సగమే కనపడుద్దండీ. వార్నిష్ కొట్టేస్తే అదెక్కడెయ్యనండీ?"

నాకు అంతా అర్థమైందని ఇప్పటికీ చెప్పను. ఆ తల్లి మీద, ఆ కిటికీ మీద, మన మీద నా ప్రశ్నలు అలాగే ఉన్నాయి. కొండల వ్యాసాన్నీ వెనక్కి తీసుకోవడం లేదు. ఆ వ్యాసమూ, ఈ పిల్ల కొండా ఒకే బుర్రలో ఎలా ఇముడుతాయో మేష్టారిని అడగాలనుంది. ఆయన "అదీ నిజమేనండీ" అంటారు, అంతే.

కాబట్టి అడగాల్సింది మిమ్మల్నే అడుగుతున్నాను.

ఫ్లెక్సీ విప్పండి.

వార్నిష్ డబ్బా తెచ్చినవాళ్ళు తిరిగిచ్చెయ్యండి. పెయింటర్ని పిలవకండి.

శనివారం మధ్యాహ్నం పిల్లల్ని ట్యూషన్‌కి లాక్కుపోకండి. చొక్కా మీద బచ్చలి మరక పడితే కొట్టకండి.

ప్రతి చిన్న బడికీ బొమ్మలు నేర్పే మనిషి కావాలని నాతోపాటు వచ్చి అడగండి. ఈసారి పేజీ తిప్పకండి.

అక్కగారి పెరట్లో డ్రమ్ము అలాగే ఉంది. సున్నం ఎండిపోకుండా ఆవిడ రోజూ నీళ్ళు పోస్తున్నారు. తెచ్చి గోడకి వెయ్యండి.

వేసి, ఆరనివ్వండి. కుళాయి పక్కన, ఆ పిల్ల చెయ్యి అందే ఎత్తులో, ఎవరూ ఏమీ రాయకండి. సగం కొండకి సరిపడా చోటు వదలండి.