గోడ మీద చెయ్యి

కమిటీ అనే మాట వింటేనే నాకు ఆవలింత వస్తుంది. పేపర్లో విచారణకు కమిటీ వేశారని కనబడితే, ఆ పని ఇక అయినట్టే అనుకుని పేజీ తిప్పేస్తాను. మొదటి నుంచీ నేనిలా లేను. మా ఇంటికి రెండు కమిటీలు వచ్చి పోయాక ఇలా తయారయ్యాను.

బతుకుదెరువుకు వలస వచ్చిన ఈ కనేరిలో మేముండేది మొదటి అంతస్తు. కింద సాంచాల కార్ఖానా. ఆ మరమగ్గాలు నడుస్తున్నంతసేపూ మా వంటింటి గోడ వణుకుతుంది, గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగుతుంటాయి. మాకది అలవాటే. కానీ ఆ వానాకాలం గోడ పై నుంచి కింది దాకా పగిలింది. గోడకు ఇవతల అమ్మ పొయ్యి, ఆమె మంచం. అవతల మెట్లు. బిల్డింగు మాలిక్ వేరే ఊళ్లో ఉంటాడు. గోడకు ఆసరాగా ఇనుప దూలాలు నిలబెట్టించమంటే, మున్సిపాలిటీ ఆఫీసు నుంచి ఆర్డరు తెండి, అప్పుడు చూద్దామన్నాడు. ఇక నేను అంజూర్ ఫాటా గోదాములో డ్యూటీ ఎగ్గొట్టి ఆఫీసు చుట్టూ తిరిగాను. తిరగ్గా తిరగ్గా కమిటీ వస్తుందన్నారు.

అమ్మ సంబరపడి ఇల్లంతా కడిగింది. మా ఇంట్లో ప్రార్థన పెట్టుకుని పాస్టరయ్య వచ్చినప్పుడల్లా కార్ఖానా సేటు కాసేపు సాంచాలు ఆపుతాడు. మా మతం కాకపోయినా మా వైపు నుంచి వచ్చిన తెలుగు మనిషే, అమ్మను అక్కా అంటాడు. ఇంటికి పెద్దమనిషి వస్తే సాంచాలు ఆపడం మా దగ్గర మర్యాద. కమిటీ వచ్చిన రోజు అమ్మే మెట్ల మీది నుంచి కేక వేసింది.

"తమ్మీ, పెద్దసార్లు వచ్చిండ్రు. జర బంద్ చెయ్యరాదూ!"

కార్ఖానా మొత్తం ఆగిపోయింది. ఆఫీసర్లు ఆ నిశ్శబ్దంలో చాయ్ తాగారు, గోడకేసి చూశారు, ఫోటోలు తీసుకున్నారు, పోయారు. గోడలో కదలిక ఏమీ లేదనీ, పగిలింది పైపూత మాత్రమేననీ వాళ్లు రాసినట్టు తర్వాత ఆఫీసు గుమాస్తా చెప్పాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అమ్మ తప్పంతా తన మీద వేసుకుంది. "నేనే ఆపిచ్చిన బిడ్డా. వాళ్లకేమెరుక, పాపం."

ఆ "పాపం" అన్న మాటకు నాకు ఒళ్లు మండింది. అయినా మళ్లీ తిరిగాను. మొదటి కమిటీ సరిగ్గా చూసిందో లేదో చూడ్డానికి రెండో కమిటీ వేశారు. ఈసారి ఎవరొచ్చినా ఆపొద్దని సేటుకు గట్టిగా చెప్పుకున్నాం. వాళ్లు లోపలికి వచ్చేసరికి గ్లాసులు బాగానే మోగుతున్నాయి. అమ్మ గోడ చూపించి ఏదో చెప్పబోయింది. పెద్దాఫీసరు చెవులు మూసుకున్నాడు.

"అరే, మషీన్ బంద్ కరావో! కుఛ్ సునాయీ నహీ దేతా!"

ఏమీ వినబడట్లేదు, ఆపించండని ఆఫీసరే అరిస్తే సేటు ఆపక ఏం చేస్తాడు? మళ్లీ అదే నిశ్శబ్దం, అవే ఫోటోలు. సాంచాలు నడిస్తేనే కదా వణుకు తెలిసేది సాబ్ అని నేను హిందీలో మొత్తుకున్నాను. "దేఖేంగే," చూద్దాంలే అన్నాడు. మరి వచ్చింది చూడ్డానికే కదా!

వాళ్లు బయల్దేరగానే, వెళ్లిపోయారనుకుని కింద సాంచాలు నడిపేశారు. మా మెట్లు ఇరుకు, పైగా చీకటి. పెద్దాఫీసరు ఆ పగిలిన గోడే పట్టుకుని దిగుతున్నాడు. ఒక్కసారిగా ఆగిపోయాడు. అరచెయ్యి గోడకు ఆనించే ఉంది. తలెత్తి పైకి చూశాడు. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఆమె కూడా ఆయన చేతినే చూస్తోంది. కాసేపటికి ఆయన చెయ్యి తీసేసి, జేబురుమాలుతో తుడుచుకుని దిగిపోయాడు.

ఈ రిపోర్టూ మొదటిదానిలాగే వచ్చింది. మళ్లీ అర్జీ పెడతానన్నాను. అమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

"వద్దు కొడుకా. ఇన్ని దినాలు వాళ్లకు ఎరుక లేదనుకున్న. ఆయన చెయ్యి పెట్టి చూసిండు గద."

అలసిపోయి ఉన్నానేమో, ఆ మాట వినగానే, ఇక తిరిగే పని లేదని నాకు కొంచెం హాయిగా కూడా అనిపించింది. అదే రోజు మంచం అవతలి మూలకు జరిపాం. పొయ్యి జరపడానికి చోటు లేదు. అమ్మ ఇప్పటికీ అక్కడే నిలబడి వండుతుంది. ఆమె పొయ్యి ఆర్పి ఇవతలికి వచ్చాకే నేను డ్యూటీకి మెట్లు దిగుతాను.