పర్దా వెనక నుంచి వచ్చిన చుక్క

ఎనభైల్లో నేను సిరోంచ దవాఖానాలో రక్త పరీక్షలు చేసేవాణ్ణి. ఒకసారి పట్నం నుంచి ఇద్దరు పరిశోధకులు వచ్చారు. కంటికి కనిపించని పరారుణ కాంతిని రక్తంలోంచి పంపి జబ్బును కనిపెట్టే పద్ధతి తయారు చేస్తున్నారట. ఆ కాంతి గాజును సరిగా దాటదని వేరే రకం చిన్న బిళ్లలు ఇచ్చి పోయారు. నేను ఇల్లిల్లూ తిరిగి వాటిమీద ఒక్కో చుక్క ఆరబెట్టి పంపాలి. కనిపించని వెలుగు ఏం చూపిస్తుందిలే అని లోలోపల నవ్వుకున్నాను.

బట్టల దుకాణం నడిపే ఒక ముస్లిం మిత్రుడి ఏడేళ్ల కూతురికి ఊరికే జ్వరాలు వచ్చేవి. పాప రక్తం కూడా పంపమన్నాడు. వాళ్లింటి ఆడవాళ్లు బయటివాళ్ల ముందుకు రారు. అందుకని సూదీ బిళ్లా పర్దా లోపలికి అందించాను. కాసేపటికి చుక్క వేసిన బిళ్ల బయటికి వచ్చింది. పాప పేరు రాసి పంపేశాను.

నెల దాటాక ఉత్తరం వచ్చింది. పాప రక్తంలో చక్కెర విపరీతంగా ఉందట. ఆ వయసులో చక్కెర జబ్బంటే బతికినన్నాళ్లూ సూదులే. ఆ మందును చల్లగా ఉంచి, నావలో ప్రాణహిత దాటించి తెచ్చుకోవాలి. సంగతి చెబితే మిత్రుడు దుకాణం గడప మీదే కూలబడ్డాడు.

పాప మూత్రం తెప్పించి, పరీక్షకు వాడే నీలిరంగు మందులో కాచాను. చక్కెర ఉంటే ఎర్రబడాలి. రెండుసార్లు కాచినా నీలంగానే ఉంది. పట్నపు యంత్రం మీద ఒళ్లు మండి, నేరుగా వాళ్లింటికి పోయాను.

"పోరికేం లేదు భాయ్, ఆళ్ల పరీక్షనే తప్పు" అన్నాను.

పర్దా వెనక నుంచి పాప తల్లి గొంతు వినిపించింది. "తప్పు నాదే అన్నా. సూదిని చూసి బిడ్డ గజగజ వణికింది. నా వేలే గుచ్చుకున్న. తల్లి రక్తం, బిడ్డ రక్తం ఒక్కటే గద అనుకున్న."

ఎవరి వేలని ఆ రోజు ఒక్క మాట అడగలేదు నేను.

"అంటే బిడ్డకు లేదు గద?" అని ఆమె అడిగింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. సంతోషంతో నవ్వుతోంది.

మిత్రుడు మాత్రం తెల్లబోయి నన్నే చూస్తున్నాడు. ఉన్నట్టుండి లేచి, తనే పర్దా పక్కకు లాగాడు.

"జర ఆమె కాలు చూడు. ముల్లు గుచ్చింది. ఎండకాలం సంది మానుతలేదు" అన్నాడు.

ఆమె గబగబా చీరకుచ్చిళ్లు పాదం మీదికి లాక్కుంది. అప్పటికే చూశాను. బొటనవేలు నల్లబడి ఉంది.