మతాయ్‌లో బడి వదిలే వేళ

ఈస్టర్ సెలవుల్లో ఈజిప్టు వెళ్తున్నామని చెప్తే, డబ్లిన్‌లో లెపర్డ్స్‌టౌన్‌లోని మా ఆఫీసులో అందరూ పిరమిడ్ల గురించే మాట్లాడారు. మేం వెళ్తున్నది మతాయ్‌కి. కైరోకి దక్షిణంగా, మిన్యా జిల్లాలో, చెరకు తోటల మధ్య ఉన్న చిన్న ఊరు. నేను తిరగేసిన గైడు పుస్తకంలో ఆ పేరే లేదు. అక్కడ సఫియా ఉంది.

సఫియా క్లాండాల్కిన్‌లో మా పక్కింట్లో కొడుకు హానీతో ఉండేది. మా ఆయన ఉద్యోగం షానన్‌లో, వారాంతాల్లోనే ఇంటికొస్తాడు. నేను పొద్దున్నే లువాస్ ట్రామ్ ఎక్కి, ఊరి మధ్యలో మారి, ఇంకో లువాస్‌లో ఆఫీసుకు పోయేదాన్ని. మా మేఘన పాకుతున్నప్పటి నుంచి పగలంతా ఆవిడ దగ్గరే. బడిలో చేరాక రోజూ గేటు దగ్గర నిలబడి ఇంటికి తీసుకొచ్చేది కూడా ఆవిడే. మేఘన ఆవిడను టేటా అని పిలిచేది. వాళ్ళ భాషలో అమ్మమ్మనీ నాయనమ్మనీ అలాగే అంటారు. నల్గొండలో ఉన్న మా అమ్మను ఫోన్‌లో పలకరించడానికి సిగ్గుపడే పిల్ల, టేటా ఒళ్ళోంచి దిగేది కాదు.

తర్వాత ఆవిడకు మతిమరుపు మొదలైంది. పాలు ఫ్రిజ్‌లో కాకుండా ప్రెస్‌లో అంటే వంటింటి అలమరలో పళ్ళేల మధ్య పెట్టేది. గ్యాస్ ఆపేది కాదు. హానీ హోటల్ వంటింట్లో పనిచేస్తాడు, ఇంట్లో ఉండి చూసుకునే వీలు లేదు. చివరికి మతాయ్‌లో ఉన్న తన చెల్లెలు అమల్ దగ్గర దించి వచ్చాడు. రెండేళ్ళయింది. ఫోన్‌లో ఆవిడ మేఘనను గుర్తుపట్టడం మానేసింది. తెర మీద చిన్న బొమ్మలా కనిపించే మొహం కదా, ఎదురుగా చూస్తే గుర్తుపడుతుందిలే అని నేనే అన్నాను. ఆ మాట పట్టుకుని మేఘన ప్రతి సెలవులకూ అడిగింది. దానికి తొమ్మిదో ఏడు వచ్చాక ఇక కాదనలేకపోయాను.

మధ్యాహ్నం డబ్లిన్‌లో విమానం ఎక్కి ఇస్తాంబుల్‌లో మారి కైరోలో దిగాం. మేఘనది ఐరిష్ పాస్‌పోర్టు, విమానాశ్రయంలోనే వీసా స్టిక్కరు అంటించేశారు. నాది ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి ముందే ఎంబసీ నుంచి తీసుకున్నాను, దానికి కొన్ని వారాలు పట్టింది. మనవాళ్ళెవరైనా వెళ్ళాలనుకుంటే ఇది మరిచిపోకండి. స్టేషన్‌కి దగ్గరలో ఒక పాత హోటల్లో పడుకుని, మర్నాడు పొద్దున్న ఎనిమిది గంటల రైలు ఎక్కాం. మంచి రైళ్ళు మతాయ్‌లో ఆగవు. బెనీ మజార్‌లో దిగి మైక్రోబస్సు ఎక్కడం మేలు.

రైలు పక్కనే చాలా దూరం కాలువ వస్తుంది. గాడిద బండ్లు, బెర్సీమ్ గడ్డి మోపులు, ఇటుక రంగు ఇళ్ళు. ఎదుటి సీట్లో కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూసి, "హిందీ?" అన్నాడు. అరబీలో ఇండియా వాళ్ళని అర్థం. అవునన్నాను. మేఘన వెంటనే, "ఐయామ్ ఐరిష్," అంది. ఆయనకు నవ్వొచ్చింది. సంచిలోంచి రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజల ముద్ద తీసి మా ఇద్దరికీ పెట్టాడు. దాన్ని ఫూల్ అంటారు. మేఘన ఎప్పట్నుంచో ఎరిగిన రుచిలా తినేసి వేళ్ళు నాకింది. "టేటా చేసేదాంట్లో నిమ్మరసం ఎక్కువుండేది," అంది ఇంగ్లీషులో. ఆ పొద్దున దాని మొహం చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది. దారంతా అదే మాట: "నేను తలుపు దగ్గర నిలబడతా మమ్మీ. నువ్వేం చెప్పకు. నేనెవరో తనే చెప్పాలి."

బెనీ మజార్ స్టేషన్లో ఒక పోలీసాయన పాస్‌పోర్టులు అడిగాడు. "లక్సర్ గుళ్ళు అటు. ఇక్కడేం లేదు చూడ్డానికి," అన్నాడు వచ్చిన కాస్త ఇంగ్లీషులో. పిల్ల వాళ్ళ అమ్మమ్మను చూడ్డానికని చెప్పాను. మా మొహాలు ఒకటికి రెండుసార్లు చూశాడు గానీ, మైక్రోబస్సు దాకా తనే తీసుకెళ్ళి డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టాడు.

మతాయ్‌లో దిగగానే కళ్ళ ముందు మన ఆటోలు. అదే ఆకారం, అదే మోత. ఒక ఆటోలో సందుల్లోంచి అమల్ ఇంటికి చేరేసరికి పన్నెండు దాటింది. అమల్ అక్కడి ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు, ఇంగ్లీషు బాగానే వచ్చు. ఆ రోజు సెలవు పెట్టి మా కోసం ఇంట్లో ఉంది. నన్ను కావలించుకుని చెవిలో, "మీరు ఎక్కువ ఆశ పెట్టుకోలేదు కదా?" అంది. అప్పటికే మేఘన గడపలో నిలబడి జుట్టు సర్దుకుంటోంది.

సఫియా మంచం మీద కూర్చుని ఉంది. చాలా చిక్కిపోయింది. మేఘనను చూసి ఎంతో మర్యాదగా నవ్వి, పక్కన చోటు చూపించింది. "కూర్చో పాపా. ఎవరమ్మాయివి నువ్వు?" అంది. అచ్చం డబ్లిన్ ఇంగ్లీషే, యాస కూడా పోలేదు. మేఘన నా వైపు చూసింది, మళ్ళీ ఆవిడ వైపు చూసింది.

"ఇట్స్ మీ, టేటా. మేఘన."

"మేఘనా!" ఆవిడ మొహం విప్పారింది. "నీకు మా మేఘన తెలుసా? బడికి పోయింది. ఇంతే ఉంటుంది," అని మోకాలి కొంచెం పైకి చెయ్యి పెట్టి చూపించింది. "తీసుకురావాలి. నాకు టైమవుతోంది."

లేచి, కొక్కేనికి ఉన్న నల్ల సంచీ భుజానికి వేసుకుని తలుపు దగ్గరికి నడిచింది. తలుపుకి పైన గడియ వేసి ఉంది. దాన్ని లాగుతూ, కొడుతూ, అరబీలో ఎవర్నో తిడుతూ ఏడవడం మొదలెట్టింది. దారికి అడ్డంగా ఉన్న మేఘనను పక్కకు తోసింది. కోపంతో కాదు, సంతలో అడ్డొచ్చిన మనిషిని జరిపినట్టు.

"మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపించాక రోజూ ఇంతే," అంది అమల్. "సాయంత్రానికి అలిసిపోయి పడుకుంటుంది."

రెండేళ్ళుగా రోజూ. మేం క్లాండాల్కిన్‌లో వేడి వేడిగా అన్నం తింటున్నప్పుడు, క్రిస్మస్ సెలవుల్లో షానన్ వెళ్ళినప్పుడు, ఇక్కడ ఈవిడ మా పిల్ల కోసం తలుపు కొడుతూనే ఉంది.

ఆ సాయంత్రం అమల్ మాకు అన్నం, బచ్చలి కూరలా జిగటగా ఉండే మొలోఖియా పెట్టింది. మేఘన ముట్టలేదు. మేడ మీద గదిలో పక్కలు వేశారు. పడుకునే ముందు మేఘన, "రేపు తనను బడికి తీసుకుపోదాం. నేను పిల్లల్లో కలిసిపోయి గేట్లోంచి బయటికొస్తా. అప్పుడు గుర్తుపడుతుంది," అంది.

నాకూ అది తెలివైన ఆలోచనే అనిపించింది. దిండ్లు తెచ్చిన అమల్ మాత్రం, "వీధిలోకి తీసుకెళ్తే మళ్ళీ లోపలికి తేవడం కష్టం," అంది. తర్వాత మేఘన మొహం చూసి ఒప్పుకుంది.

మర్నాడు నమాజు పిలుపుకి ముందే అమల్ బడికి బయల్దేరాం. సఫియా నా చెయ్యి పట్టుకుని ఎంత చురుగ్గా నడిచిందో! దారిలో బత్తాయిల బండి దగ్గర ఆగి ఒక కాయ ఏరుకుని సంచిలో వేసుకుంది. "మా పిల్లకి ఇష్టం," అంది నాతో. గేటు బయట తల్లుల మధ్య నిలబడి అందర్నీ పలకరించింది. అమల్ మేఘనను ముందే లోపలికి తీసుకెళ్ళింది.

గంట కొట్టారు. తెల్ల ముసుగులు, నీలం గౌన్లు, కేకలు. మా పిల్ల వాళ్ళ మధ్యలోంచి పరుగెత్తుకుంటూ వచ్చి ఆవిడ ముందు నిలబడి రెండు చేతులూ చాచింది. సఫియా దాని తల మీంచి వెనక వచ్చే పిల్లల్ని చూస్తోంది.

"టేటా, నేను!"

"ఒక్క నిమిషం పాపా, పక్కకు జరుగు. మా పిల్ల కనిపించడం లేదు."

పిల్లలందరూ వెళ్ళిపోయారు. వాచ్‌మన్ గేటు మూశాడు. సఫియా ఊచలు పట్టుకుని లోపలి ఖాళీ ఆవరణను చూసింది. తర్వాత ఆవిడ గొంతులోంచి వచ్చిన కేకను నేను రాయలేను. "నా పిల్లనెవరో తీసుకుపోయారు! వాళ్ళమ్మకు ఏం చెప్పను?" అంటూ నేల మీద కూలబడింది. వాళ్ళమ్మను నేనే. పక్కనే కూర్చుని, ఏం కాలేదు, పిల్ల ఇంట్లోనే ఉంది అని చెప్పాను. నన్ను చూసి, "నువ్వెవరు? నీకెలా తెలుసు? నువ్వే తీసుకున్నావా?" అంది. నా కొంగు పట్టుకుని గుంజింది. అంగళ్ళ వాళ్ళు వచ్చి అతి కష్టం మీద ఆటో ఎక్కించారు.

ఆ రాత్రి ఆవిడ పడుకోలేదు. రోజూ సాయంత్రానికల్లా మరిచిపోయేదట. ఈసారి మరిచిపోలేదు. పొద్దున అమల్ కళ్ళు వాచి ఉన్నాయి. టీ గ్లాసులు మా ముందు పెట్టి, తలెత్తకుండా, "మీరు ఇంకా రెండు రోజులుందామనుకున్నారు. క్షమించండి. ఈ రోజే వెళ్తే మంచిది," అంది. ఆమె మమ్మల్ని తప్పు పట్టలేదు. అదే భరించలేకపోయాను. వెళ్ళేముందు మేఘన సఫియా గది తలుపు సందులోంచి చూసింది. లోపలికి పోలేదు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని అది ఒక్కసారే మాట్లాడింది.

"మమ్మీ, నేను మళ్ళీ చిన్నగా ఐతే తప్ప తను ఆగదు కదా?"

"ఇట్ల రా బిడ్డా," అన్నాను. దగ్గరికి తీసుకోబోతే అది కిటికీ వైపు తిరిగింది.

డబ్లిన్‌లో దిగేసరికి సన్నటి జల్లు. హానీ కారు తీసుకుని వచ్చాడు. పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, వంటింటి చొక్కా మీదే ఉన్నాడు. వాళ్ళమ్మను దించి వచ్చాక రెసిడెన్సీ కాగితాలు తేలక రెండేళ్ళుగా దేశం దాటలేని మనిషి. పెట్టెలు కూడా అందుకోలేదు. మేఘన ముందు మోకాళ్ళ మీద కూర్చుని అడిగాడు.

"అమ్మ నిన్ను గుర్తుపట్టిందా?"

నేను నోరు తెరిచేలోపే, "షీ డిడ్. స్ట్రెయిట్ అవే," అంది మేఘన. "గ్రాండ్‌గా, హాయిగా ఉంది. నా కోసం బత్తాయి కూడా కొంది."

హానీ అక్కడే, అంతమంది మధ్య, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. సంతోషంతో. మేఘన అతని భుజం తడుతూ నిలబడింది, పెద్దవాళ్ళు తట్టినట్టు.

మతాయ్ ఎలా ఉంటుందని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మంచి ఊరు, మనుషులు అన్నం పెట్టి ఆదరిస్తారు, చలికాలం అయితే ఇంకా బాగుంటుంది అని చెప్తాను. ఆఫీసులో ఉండగా మతాయ్‌లో మధ్యాహ్నం అయ్యే వేళకి మాత్రం నా చేతులు కీబోర్డు మీద ఆగిపోతాయి. ఈ పాటికి సంచీ భుజానికి వేసుకుని ఉంటుంది.