తాతయ్య ఊహించి రాసిన ఊరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ తలో ఊళ్లో పుట్టినవాళ్లే. నాన్న పుట్టింది కాకుమానులో, అమ్మ పుట్టింది చేబ్రోలులో. నేను బాపట్లలో, తమ్ముడు తెనాలిలో. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కదా, అందుకని ఇంటికి పెద్దబిడ్డ ఎవరైనా వాళ్ల అమ్మమ్మగారి ఊళ్లోనే పుట్టేవాళ్లు. ఉండేది మాత్రం అందరం తెనాలిలో, ఒకే పెంకుటింట్లో. ఎవరైనా మీదే ఊరమ్మా అని అడిగితే నేను కాసేపు ఆలోచించి, "ఏది చెప్పమంటారండి" అనేదాన్నట.

మొన్న స్కూలు ఫారం ముందు పెట్టుకుని ఫోన్లో నువ్వడిగింది వినగానే నాకు ఆ రోజులే గుర్తొచ్చాయి తల్లీ. అన్నయ్య మీ దగ్గర తెనాలిలో పుట్టాడు, నేను మస్కట్‌లో పుట్టాను, మరి ఇద్దరికీ ఒకే రంగు పాస్‌పోర్టు ఏంటి అమ్మమ్మా అన్నావు. మీ క్లాసులో పిల్ల ఏదో దేశంలో పుట్టినందుకే ఆ దేశపు మనిషి అయిపోయిందట, నువ్వెందుకు మస్కట్‌దానివి కాలేదు అని కూడా అడిగావు. ఇది నాకూ తేలిగ్గా అంతుబట్టిన విషయం కాదు. అన్నయ్యని కూడా పక్కన కూర్చోబెట్టుకో, మా పక్కింటి అక్క సంగతి చెబుతాను.

పక్కింటి అక్క పదేళ్లప్పుడు అమ్మానాన్నలతో రంగూన్ నుంచి ఓడలో వచ్చింది. వాళ్ల నాన్నది రేపల్లె. కుర్రతనంలోనే పనికోసం అక్కడికి వెళ్లి, తర్వాత అక్కడి రోజులు బాగోక తిరిగొచ్చేసి, తెనాలిలో ఒక రైసు మిల్లులో చేరాడు. వాళ్లమ్మని నేను పెద్దమ్మా అనేదాన్ని. ఆవిడ మాటా, చీర కట్టూ, గోంగూర పచ్చడీ అన్నీ అచ్చం మనలాగే. ఎప్పుడైనా కొబ్బరిపాలతో సేమియా లాంటిదేదో కారంగా వండి పంపేది. అదొక్కటే మాకు కొత్త. వీధిలో అందరూ ఆవిణ్ణి రేపల్లె ఆవిడ అనేవాళ్లు. మొగుడిది రేపల్లె కాబట్టి మేనరికమే అయ్యుంటుందని ఎవరికి వాళ్లే అనుకున్నారు.

మా తాతయ్య బడికి హెడ్‌మాస్టరు. అక్కని బడిలో చేర్చుకున్న రోజు రిజిస్టరు ఆయనే స్వయంగా రాశారు. వాళ్ల నాన్న సంతకం పెట్టేసి మిల్లుకి వెళ్లిపోయాడు. పుట్టిన ఊరు అన్న గడి దగ్గర తాతయ్య కలం ఒక్క క్షణం ఆగి ఉంటుంది. ఎదురుగా పిల్ల బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. తొలిచూలు బిడ్డ, పుట్టింట్లోనే పుట్టి ఉంటుంది, తల్లిది రేపల్లె, ఓడల్లో పురిటికి వచ్చిన ఆడవాళ్లు ఎంతమంది లేరు అనుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రేపల్లె అని రాసేశారు. ఆ పిల్లని మాత్రం అడగలేదు.

నాకు తొమ్మిదేళ్లు వచ్చేసరికి అక్క చదువు ముగించింది. బాపట్లలో టీచరు ట్రైనింగుకి సీటు వచ్చింది. పంతులమ్మ కావాలన్నది దాని ఆశ. నాకు ఎక్కాలు నేర్పేటప్పుడు కూడా చేతిలో బెత్తం ఉన్నట్టే నిలబడేది. చేరాలంటే మన దేశపు మనిషేనని తెనాలి తాలూకా ఆఫీసులో కాగితం తీసుకోవాలి. అక్కడ వచ్చింది చిక్కు. రంగూన్‌లో మన రాయబార కార్యాలయం వాళ్లు బిడ్డ పేరు నమోదు చేసిన కాగితంలో పుట్టిన ఊరు రంగూన్ అని ఉంది. బడి సర్టిఫికెట్లో రేపల్లె అని ఉంది. ఏది నిజమో తేల్చుకు రమ్మన్నారు. వారంలోపు కాగితం అందకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

అక్క మా అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే నేను పక్కన కూర్చుని తెగ ఆలోచించాను. ఒక మనిషి రెండు చోట్ల ఎలా పుడుతుంది? తాతయ్యకి మాత్రం అనుమానమే లేదు. రంగూన్ వాళ్లే తప్పు రాసి ఉంటారన్నారు. అక్క ఏదో చెప్పబోతున్నా వినిపించుకోకుండా పెద్దమ్మని పిలిచి అడిగారు.

"రేపల్లెలో మీ పుట్టింటివాళ్లు ఎవరమ్మా? రేపు రైలుకి వెళ్లి వాళ్ల చేత ఒక ముక్క రాయించుకొస్తాను."

పెద్దమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"అక్కడ మావాళ్లు ఎవరూ లేరండి బాబాయిగారూ. తొలి కాన్పు పుట్టింట్లోనే అయిందండి. నా పుట్టిల్లే రంగూను."

ఆవిడ తాతల నాడే అక్కడికి వెళ్లిపోయారట. అమ్మానాన్నలు పుట్టిందీ అక్కడే, ఆ దేశపు కాగితాలే తీసుకున్నారట. పెళ్లయి, బిడ్డ పుట్టి, ఓడెక్కేదాకా ఆవిడ రేపల్లె మొహమే చూడలేదు.

"మరి ఇన్నేళ్లుగా చెప్పలేదేంటమ్మా?"

"ఎవరూ అడగలేదు కదండీ. అందరూ రేపల్లె, రేపల్లె అంటుంటే ఆయన ఊరే కదా అని ఊరుకున్నానండి."

గుమ్మంలో నిలబడ్డ మా నాయనమ్మ తాతయ్య వైపు తిరిగి అందుకుంది. "తెలియకపోతే ఖాళీ వదిలెయ్యండిరా, ఊహించి రాయకండిరా అని పిల్లల వేళ్ల మీద కొట్టారు ఇన్నాళ్లూ. తమరి ఖాళీ మాత్రం తమరే నింపేశారు."

ఆ సాయంత్రం మిల్లులోవాళ్లు అక్క వాళ్ల నాన్నకి ఒక ఉపాయం చెప్పి పంపారు. రంగూన్ కాగితం తప్పని చెప్పి పెట్టెలో దాచెయ్యండి, రేపల్లెలో పుట్టిందని ఇద్దరు పెద్దమనుషులు రాసిస్తే అయిపోతుంది, మాస్టారి పరువూ నిలుస్తుంది అని. తాతయ్యకి ఆ మాట నచ్చిందనే నాకనిపించింది. చాలాసేపు అటూ ఇటూ నడిచారు. చివరికి పెద్దమ్మనే అడిగారు, నువ్వేమంటావమ్మా అని. ఆవిడ తల వంచుకుని, చిన్నగా, "ఆ కాగితం దాచేస్తే నేను పుట్టిన ఇల్లు లేనట్టే కదండీ" అంది.

మర్నాడు తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, రిజిస్టరు చంకలో పెట్టుకుని ఆఫీసుకి బయల్దేరారు. అక్కా, పెద్దమ్మా వెనకాల, వాళ్ల వెనకాల నేను. అక్కడి గుమాస్తా తాతయ్య దగ్గర చదువుకున్నవాడే. లేచి నిలబడి కుర్చీ వేశాడు. తాతయ్య కూర్చోలేదు.

"తప్పు అమ్మాయిది కాదు నాయనా. రాసిన చెయ్యి నాది. అడక్కుండా రాశాను."

పక్క బల్ల ఆయన నవ్వు ఆపుకోలేక, "మాస్టారూ, మీరు మార్కులు వేస్తే ఈ జవాబుకి ఎన్నండీ?" అన్నాడు. తాతయ్య "సున్నా" అన్నారు. ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను.

గుమాస్తా మాత్రం రంగూన్ కాగితం రెండుసార్లు చదివి, తాపీగా చెప్పాడు. ఇక్కడ పుట్టడం ఒక దారట. బయట పుట్టినా, తండ్రి ఈ దేశం వాడైతే, ఆ బిడ్డ పేరు అక్కడి మన రాయబార కార్యాలయంలో రాయిస్తే అదీ ఒక దారేనట. వాళ్ల నాన్న ఈ దేశం మనిషే కాబట్టి అక్క ఎప్పటినుంచో మన మనిషేనట.

"అంటే రంగూన్ అని రాసినా సరిపోయేదా?" అన్నారు తాతయ్య.

"నిక్షేపంగా సరిపోయేదండి. రేపల్లె వల్లే వచ్చింది తంటా."

బయటికొచ్చాక నాకు ఇంకా అయోమయం. అలాగైతే పెద్దమ్మ సంగతేంటి? ఆవిడ ఇక్కడ పుట్టలేదు, ఆవిడ అమ్మానాన్నలూ ఇక్కడివాళ్లు కారు. ఆ మాటే అడిగేశాను. పెద్దమ్మ నవ్వి, "నాకు మూడో దారమ్మా. అడిగి పుచ్చుకున్నాను" అంది. ఏళ్ల తరబడి ఇక్కడ ఉన్నాక అర్జీ పెట్టుకుందట. ఆ ముందటేడు గుంటూరు వెళ్లొస్తే ఆసుపత్రికి అనుకున్నాం మేమంతా. ఈ దేశానికి విశ్వాసంగా ఉంటానని అధికారి ముందు ప్రమాణం చేసి, సంతకం పెట్టి వచ్చిందట ఆవిడ.

నేను తాతయ్య వేలు పట్టుకుని, "మనం ఎప్పుడు చేశాం తాతయ్యా ఆ ప్రమాణం?" అన్నాను. మనం చేయక్కర్లేదమ్మా అన్నారు. ఇంటికి చేరేదాకా నాకు అదే ఆలోచన. మా వీధి వీధంతటిలో ఆ మాట నోరు తెరిచి చెప్పింది పెద్దమ్మ ఒక్కతే అయితే, ఆవిడ మాకంటే తక్కువ ఇక్కడిదా, ఎక్కువ ఇక్కడిదా? నాకిప్పటికీ తేలలేదు.

పైఆఫీసు అనుమతి తెచ్చి తాతయ్య రిజిస్టరులో రేపల్లె మీద ఎర్రసిరాతో గీత గీసి, పైన రంగూన్ అని రాసి, పక్కన సంతకం పెట్టారు. ఆ పేజీ నన్ను పిలిచి మరీ చూపించారు. ఆరో రోజున ఆఫీసు కాగితం పట్టుకుని అక్క బాపట్ల రైలెక్కింది. తర్వాత చాలా ఏళ్లు పంతులమ్మగా చేసింది.

చట్టం తర్వాత చాలా మారిందంటారు. ఇప్పుడైతే ఇక్కడ పుట్టినంత మాత్రాన చాలదట, అమ్మానాన్నల సంగతీ చూస్తారట. నీకు మన దేశం అమ్మానాన్నల వైపు నుంచి వచ్చింది, ఆ పక్కింటి అక్కకి వచ్చినట్టే. మస్కట్‌లో పుట్టినంత మాత్రాన అక్కడి దేశం రాదట. ఎందుకంటే మాత్రం నాకు తెలియదు. అది ఖాళీగానే వదిలేస్తున్నాను.

ఆ రోజు నుంచి నాకొక అలవాటు మిగిలింది. పోస్టాఫీసులో, బ్యాంకులో ఎవరైనా కాగితం నింపిపెట్టమ్మా అని ఇస్తే, తెలిసిన మనిషైనా సరే, పుట్టిన ఊరి దగ్గర కలం ఆపి మొహంలోకి చూస్తాను. వాళ్లు చెప్పేదాకా ఆగుతాను. ఒక్కోసారి జవాబు ఒక ఊరి పేరుతో ఆగదు, వాళ్ల అమ్మ దాకా, అమ్మమ్మ దాకా వెళుతుంది. వెనక వరసలో వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. నీ స్కూలు ఫారం కూడా మీ అమ్మ చేత నింపించుకోకు. ఆ గడి నువ్వే రాసుకో తల్లీ, మస్కట్ అని.